బోర్డులు చదివే ఆట

“చదవవే, ఏం రాసుందో,” అంది అక్క, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. పక్క సీట్లోంచి చెల్లెలు చదివింది, ముందు ఇరుకు వంతెన, మెల్లగా వెళ్ళండి, అని బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివింది, అక్క గేరు తగ్గించింది, వంతెన వచ్చింది, పోయింది, కింద ఏరు సముద్రంలో కలిసేచోట మట్టిరంగు నీళ్ళూ నీలం నీళ్ళూ పక్కపక్కనే పడుకుని మాటల్లేని మొగుడూ పెళ్ళాల్లా ఉన్నాయి. ఆ మాట పైకి అంటే అక్క పగలబడి నవ్వేది. ఆ బోర్డు ఏమంత చిన్నది కాదు, పసుప్పచ్చ రేకు మీద నల్లటి అక్షరాలు, ఒక్కోటి జానెడుంది, మిట్టమధ్యాహ్నం ఎండ దాని మీద సూటిగా పడుతోంది, వెనక సీట్లో తడితువ్వాళ్ళ మధ్య ముడుచుకుని పడుకున్న చిన్న చెల్లెలు బుడ్డి కూడా ఒక కన్ను తెరిస్తే చదవగలదు. అక్క ఎందుకు అడగాలి? ఆటే కదా అనుకోవచ్చు. ఆట అనే అనుకుంది మొదటి రోజంతా. నాన్న రోడ్ల శాఖలో పెయింటరు, కిలోమీటరు రాళ్ళకి సున్నం వేసి అంకెలు దిద్దేవాడు, మలుపుల దగ్గర బోర్డులు రాసేవాడు, బస్సులో వెళ్తుంటే పిల్లలు ముగ్గురూ ప్రతి బోర్డూ పైకి చదవాలి, ముందు చదివినవాళ్ళకి కిటికీ పక్క చోటు. “నేను ఎండలో నిలబడి రాశాను, మీరు నీడలో కూర్చుని చదవలేరా?” అనేవాడు. కిటికీ ఎప్పుడూ అక్కదే. బోర్డు ఇంకా చీమంత ఉండగానే చదివేసేది. బుడ్డికి చదవడం రాని రోజుల్లో కూడా ఏదో ఒకటి కల్పించి అరిచేది, ముందు ఏనుగు ఉంది, ముందు మిఠాయి కొట్టు ఉంది, అని. రెండోది మాత్రం, అంటే తను, ఇంట్లో ఇప్పటికీ తన పేరు అదే, రెండోది, బోర్డు దగ్గరికొచ్చి కళ్ళెదుట నిలబడేదాకా నోరు విప్పేది కాదు. ఆలస్యంగా చదివేది, ఓడిపోయేది, కానీ ఒక్క అక్షరం తప్పుపోయేది కాదు.

నలభై ఏళ్ళ తర్వాత ఈ ఆట అక్కే మొదలుపెట్టింది, మొన్న పొద్దున ఊరు దాటగానే, “రెండోదీ, నువ్వు ముందు కూర్చో, బోర్డులు చదువు, నాన్నని తలుచుకున్నట్టు ఉంటుంది,” అంది, దానికి ఆమె కళ్ళు చెమర్చాయి కూడా, ఎంత బాగా అడిగింది అక్క అనుకుంది. ఇప్పుడు, చూద్దామనుకున్న ఏడింట్లో, నాలుగు బీచ్‌లు అయ్యాయి, ఇంకా మూడున్నాయి, అద్దంలోంచి పడే ఎండకి మోకాళ్ళు కాలుతున్నాయి, చీలమండల మీద ఉప్పు తెల్లగా అట్టకట్టింది, డాష్‌బోర్డు మీద బుడ్డి ఏరిన గవ్వలు ప్రతి మలుపుకీ అటునుంచి ఇటు జారుతున్నాయి, ఆమె వాటినే చూస్తూ లెక్క వెనక్కి వేసుకుంటోంది. మొదటి బీచ్‌లో అక్క నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ ఎవరో ఆవిడ దగ్గరికి ధుమధుమలాడుతూ వెళ్ళి, “సిగ్గుందా నీకు, అంత లోపలికి పోతావా, ఈత రానిదానివి, ఒడ్డుకి రా,” అని జబ్బ పట్టుకుని లాగింది, ఆవిడ తిరిగి చూస్తే బుడ్డి కాదు, బుడ్డి ఒడ్డున వేరుశనక్కాయలు తింటోంది. ఎంత నవ్వుకున్నారు! “అన్ని వీపులూ ఒకలాగే ఉంటాయి,” అంది అక్క. కానీ ఆవిడ చీర పసుపు, బుడ్డి వేసుకున్నది ఆకుపచ్చ లాంగు గౌను. రెండో బీచ్‌లో టీ కప్పు బల్ల అంచుకి అవతల పెట్టింది, గాల్లో. నిన్న పొద్దున ఫోనులో బావ పంపిన మెసేజీ బుడ్డి చేత చదివించుకుంది, కళ్ళజోడు బ్యాగు అడుగున ఉందంటూ, కళ్ళజోడేమో తల మీదే ఉంది. నిన్న సాయంత్రం సముద్రం ముందు నిలబడి నేరుగా చూడకుండా, కోడి గింజని చూసినట్టు, తల ఓ పక్కకి వంచి చూస్తోంది. మెడ పట్టేసిందా అక్కా అంటే, ఆఁ, దిండు ఎత్తు అయింది, అంది. ఇద్దరికీ ఒకే మంచం, ఒకే రకం దిండు. దిండు రొట్టె ముక్కంత ఉంది.

అక్కకా! అక్క కళ్ళకా! సర్వే శాఖలో ముప్ఫై మూడేళ్ళు చేసిన మనిషి, మగవాళ్ళ మధ్య కొలత గొలుసులు లాగించి, జీపు తనే తోలుకుని, కొండ మీదా గుట్ట మీదా మూడుకాళ్ళ పరికరం నిలబెట్టి ఊళ్ళకి హద్దులు గీసింది. ఎవరింటికి వెళ్ళినా గోడమీద పటం వెంట్రుకవాసి ఒరిగినా కాఫీ తాగనిచ్చేది కాదు, ముందు లేచి దాన్ని సరిచేసి కూర్చునేది, రెండోదాని పెళ్ళిలో అయితే పందిరి ఒక మూల కుంగిందని రాటలు వేసినవాణ్ణి పిలిచి విప్పించి కట్టించింది, వియ్యాలవారు అవాక్కయ్యారు. ఒకసారి సెలవుల్లో తనని వెంట తీసుకెళ్ళింది, తను ఇంటర్ చదువుతోంది, “ఒక కన్ను మూసి ఇందులోంచి చూడు,” అని పరికరం ముందు నిలబెట్టింది, పాతకాలపు దుర్భిణి, అందులో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి, ఎక్కడో మైలు దూరంలో బట్టలారేస్తున్న మనిషి కాళ్ళు పైకీ తల కిందికీ పెట్టి ఆకాశంలోంచి బట్టలు వేలాడదీస్తోంది. తను నవ్వి నవ్వి కడుపు పట్టుకుంది. అక్క నవ్వలేదు. “మా కళ్ళకి అలవాటైపోతుంది. నాకు ఇందులో ఆవిడ నిటారుగానే కనిపిస్తుంది,” అంది. దేన్నయినా నిటారుగా చూడగల మనిషి అని ఆరోజే అనుకుంది తను. అలాంటి మనిషిని నీకు చూపు ఆనటం లేదా అని ఎలా అడగాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పే విషయమా? చెప్పకపోతే? గంటకి డెబ్భై మీద పోతోంది బండి, ఎదురుగా లారీలు, పక్కన సైకిళ్ళు, ఇంకా మూడు బీచ్‌లు, వెనక సీట్లో ఇద్దరు పిల్లల తల్లి బుడ్డి, తన బేకరీ తాళంచెవి బొడ్లో దోపుకుని మరీ వచ్చిన పిచ్చి మొద్దు, నిశ్చింతగా నిద్రపోతోంది.

తను తోలితే? లైసెన్సు ఉంది, పర్సులో ఉంది, తోలి పద్నాలుగేళ్ళయింది. వెనక్కి తీస్తూ సొంత ఇంటి గేటునే గుద్దింది, గేటుకి చిన్న సొట్ట, కారుకి ఇంకా చిన్న సొట్ట. భర్త తిట్టలేదు. తిడితే తిట్టించుకుని మర్నాడు మళ్ళీ తాళాలు తీసుకునేది. ఆయన నవ్వాడు, పోనీలే అన్నట్టు, ఎప్పటికైనా ఇది జరిగేదే అన్నట్టు ఓ నవ్వు, దాంతో తాళాలు మేకుకి తగిలించింది, అవి ఆయనవే అయిపోయాయి. మనుషుల్ని సీట్లోంచి దింపడానికి ఒక నవ్వు చాలు. ఆ నవ్వు తన మొహం మీద అక్కకి కనిపించకూడదు. కనిపించదేమో కూడా, అన్న ఆలోచన వచ్చింది, నిజంగా ఎంత కనిపిస్తోంది, ఎంత కనపట్టం లేదు, అదయినా తెలియాలి కదా, తప్పుగా అనుకుని నిందవేస్తే? మెడనొప్పే అయితే? దిండే అయితే?

అప్పుడే వచ్చింది ఆ చీలిక. ఉప్పుమళ్ళు అయిపోయాక రోడ్డు రెండుగా విడిపోయింది, మధ్యలో రెండు కాళ్ళ మీద నిలబడ్డ పచ్చరంగు బోర్డు, నాన్న చూస్తే మెచ్చుకునేవాడు, తెల్లటి అక్షరాలు మూరెడేసి ఉన్నాయి, ఎడమకి బాణం, లైట్‌హౌస్ బీచ్. కుడికి బాణం, చేపల రేవు. గుడ్డివాడు కూడా, అనుకోబోయి నాలిక కరుచుకుంది మనసులోనే. “ఎటే?” అంది అక్క. తల వంచింది, కోడిలాగే. ఆమె నోరు తెరిచింది, బోర్డు ఎదుట నిలబడేదాకా ఆగింది, చిన్నప్పట్లాగే, తర్వాత చాలా స్పష్టంగా, చాలా గట్టిగా, “లైట్‌హౌస్ కుడికి,” అంది.

“కుడికా? నేను ఎడమకనుకున్నానే,” అంది అక్క, స్టీరింగు కుడికి తిప్పింది.

అంతే. తేలిపోయింది. పరీక్ష పెట్టింది, అక్క తప్పింది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడే చెప్పు, అక్కా తప్పు చదివాను, వెనక్కి తిప్పు అను, ఊఁ, అను, అనుకుంటూనే ఉంది, రోడ్డు సన్నబడుతోంది, రెండుపక్కలా వెదురుదడుల మీద చేపలు ఎండుతున్నాయి, ఆ వాసనకి లైట్‌హౌస్ ఏమిటి, లోకంలో ఎవరికైనా తెలిసిపోతుంది ఇది రేవని, కానీ అక్క అనుమానపడలేదు, రెండోది చెప్పింది కదా అన్న ధీమాతో “ఈ లైట్‌హౌస్ వాళ్ళు బాగానే తింటున్నారు,” అని జోకు కూడా వేసింది. ఆ నమ్మకం చూస్తే ఏడుపొచ్చింది. చిన్నప్పుడు జ్వరం వస్తే థర్మామీటరు అమ్మ చూసినా సరే, మళ్ళీ అక్క చూసి చెప్తేనే తను మందు మింగేది. అలాంటిదానికి తను అబద్ధం చెప్పింది. సిమెంటు రోడ్డు అయిపోయి ఇసుక మొదలైంది, పడవలు బోర్లించి ఉన్నాయి, నీలం, ఎరుపు, సున్నపుతెలుపు, వాటి మధ్య దారికి అడ్డంగా ఇసకరంగు వల ఒకటి పరిచి ఉంది, వల మధ్యలో అదే రంగు బనీను వేసుకున్న ముసలాయన కాళ్ళు చాపుకుని కుట్టుకుంటున్నాడు, అక్క కాలు బ్రేకు మీదకి వెళ్ళటం లేదు, వెళ్ళటం లేదు,

“ఆపు! అక్కా, ఆపు! మనిషి!”

బండి ఆగింది. ఇంజను ఆగిపోయింది. గవ్వలన్నీ ఆమె ఒళ్ళో పడ్డాయి. ముసలాయన చాపిన కాళ్ళకీ బండి చక్రానికీ మధ్య బెత్తెడు వల ఉంది. ఆయన లేవలేదు, సూది చేత్తోనే పట్టుకుని, వాళ్ళని నింపాదిగా చూశాడు. తర్వాత ఎవరైనా అనే మాటే అన్నాడు.

“ఏమ్మా, కళ్ళు కనపట్టం లేదా?”

అక్క అద్దం దించింది. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి. “లేదయ్యా,” అంది, “కనపట్టం లేదు. ఏడు నెలలైంది.”

ఏదో అందామని మొదలుపెట్టిన ముసలాయన, “అయ్యో తల్లీ,” అని మాత్రం అని, చాపిన కాళ్ళు మెల్లగా మడుచుకున్నాడు. అదేదో తన తప్పయినట్టు.

ఆమె అక్క మొహంలోకి చూసింది. ఎంత చిన్నదిగా ఉంది ఆ సీట్లో, జీపుల్లో చూసిన మనిషేనా. “డాక్టరు ఏమన్నాడు?” అంది.

“నడిమధ్యన మచ్చ అన్నాడు, రెండు కళ్ళకీనీ. పెరగకుండా సూదులు వేస్తున్నారు. చుట్టూతా బాగానే కనిపిస్తుంది, ఎటు చూస్తే అక్కడే ఉండదు. నీ వంక చూస్తే నీ చెవులు కనిపిస్తాయి, మొహం ఉండదు.” ఇంకాస్త దగ్గరికి వంగి చూసింది. “చెవులు బాగుంటాయే నీవి. ఇన్నేళ్ళూ గమనించలేదు.”

నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె రెండూ చేసింది. చేస్తూనే కోప్పడింది. “మరెందుకు తోలావే! తెలిసి తెలిసీ!”

“దిగితే మళ్ళీ ఎక్కనివ్వరు కదా. ఇంటి దగ్గర అప్పుడే మీ బావ తాళాలు దాస్తున్నాడు. ఇవి బీరువాలో చీరల కింద దాచాడు, చీరలు వెతకడానికి కళ్ళెందుకు. ఒక్కసారి, ఈ ఒడ్డు మొత్తం నేనే తోలాలనిపించింది, మీ ఇద్దర్నీ ఎక్కించుకుని. నువ్వు పక్కనుంటే ఏం కాదనుకున్నా. చిన్నప్పట్నుంచీ నువ్వు బోర్డు తప్పు చదవలేదు.” తల పక్కకి వంచి ఆమెని, ఆమె చెవుల్ని చూసింది. “ఇవాళ తప్పు చదివావా, కావాలని చదివావా?”

ఇక్కడ అబద్ధం చెప్పడం తేలిక. అక్షరాలు చెరిగిపోయాయని చెప్పొచ్చు, ఎండ కళ్ళలో కొట్టిందని చెప్పొచ్చు. “కావాలనే,” అంది ఆమె.

బయట కాకి ఒకటి చేపల దడి మీద వాలింది, ముసలాయన సూది విసిరినట్టు చెయ్యి ఊపాడు, ఎగిరిపోయింది. “నాన్న ఉంటే నీ వీపు చీరేసేవాడు,” అంది అక్క చివరికి. ఆ గొంతులో కోపం ఉంది, కాదు, కోపం పైపైన ఉంది, టీ మీద మీగడలా, ఊదితే పక్కకి పోయేలా. “సరిగ్గా చదివుంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. చెప్పేదాన్నీ కాదు.”

“నా మూలాన ఆ ముసలాయన కాళ్ళు పోయేవి.”

“పోయేవి,” అంది అక్క. మళ్ళీ అంది, నెమ్మదిగా, “పోయేవే.” ఆ రెండోసారి అనడంలో ఏదో కిందికి దిగింది, బరువు మోసేవాళ్ళు మూట దింపినట్టు కాదు, ఎత్తిపెట్టిన పతాకం దింపినట్టు, మర్యాదగా, చేత్తో పట్టుకుని.

వెనక సీట్లోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడొచ్చింది. బుడ్డి లేచి కూర్చుని ఉంది, యాభై ఒక్క ఏళ్ళ మొహం, తువ్వాలు చారలు పడి, తడిసి.

“నువ్వెప్పుడు లేచావే?” అంది ఆమె.

“నిద్ర పోతే కదా లేవడానికి! మొదటి బీచ్‌లో ఆ పసుపు చీరావిణ్ణి తిట్టినప్పుడే అర్థమైంది నాకు. అప్పట్నుంచీ బండెక్కగానే కళ్ళు గట్టిగా మూసుకుని దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తూ పడుకుంటున్నాను. చిన్నక్కకి తెలీదేమో, చెప్తే హడలిపోతుందని నేను చెప్పలేదు.”

“నీకు తెలీదని నేను చెప్పలేదు,” అంది ఆమె.

“మీ ఇద్దరికీ తెలీదని నేను,” అంది అక్క, అప్పుడు వచ్చింది నవ్వు, ముందు బుడ్డికి, అది ముక్కుతో నవ్వుతుంది, తర్వాత ముగ్గురికీ, ముసలాయన ఈ ఆడవాళ్ళకి కళ్ళే కాదు ఇంకేదో కూడా పోయిందన్నట్టు వల దగ్గరికి లాక్కున్నాడు.

అక్క తాళంచెవి తీసింది. ఆమె వైపు చాపింది. కొంచెం పక్కగా చాపింది, ఆమె చెయ్యి అక్కడికి జరిపి అందుకుంది. “నేనా! పద్నాలుగేళ్ళయింది అక్కా. గేటు గుద్దాను, నీకు తెలుసు కదా.”

“గేటేగా. గేటు నీకు అడ్డం వచ్చి ఉంటుంది. బుడ్డికి ఇవ్వనా పోనీ? దానికి కుడి ఎడమ తెలియాలంటే అన్నం తిన్నట్టు చెయ్యి పెట్టి చూసుకోవాలి.”

“నిజమే,” అంది బుడ్డి, “నాకివ్వకండి.”

దిగి బండి చుట్టూ నడిచేటప్పుడు ముందు భాగం దగ్గర ఇద్దరూ ఎదురయ్యారు. అక్క ఆగి ముసలాయనకి దండం పెట్టింది, ఆయన కొంచెం ఎడంగా ఉన్నాడు, దండం పడవకి వెళ్ళింది, ఆయనే కాస్త జరిగి ఆ దండం ముందుకి వచ్చి అందుకున్నాడు. ఆమె సీటు ముందుకి జరుపుకుంది, అక్క కాళ్ళు పొడుగు, అద్దాలు సరిచేసుకుంది, చేతులు కొంగుకి తుడుచుకుంది, ఇంజను మొదటిసారి స్టార్టు కాలేదు, రెండోసారి గంతేసి ఆగింది, బుడ్డి పైకి ఏమీ అనకుండా ఒక దేవుణ్ణి పిలిచింది. మూడోసారి కదిలింది. వెనక్కి తీయాలి, అదే, గేటు గుద్దిన పనే, ఇసకలో వెనక్కి, పడవల మధ్యనుంచి, అక్క తల బయటికి పెట్టి, “రానీ, రానీ, ఇంకా, ఎడమకి కొట్టు, పక్కలు నాకు బాగా కనిపిస్తాయే, నన్ను నమ్ము, రానీ,” అంటోంది, ఆమె నమ్మింది, నమ్మడం అంటే మెడ వెనక చెమట కారుతుండగా క్లచ్చి వదలడం, బండి ఏ పడవనీ తాకకుండా సిమెంటు రోడ్డెక్కింది.

చీలిక దాకా ముప్ఫైలో వచ్చింది. వెనక లారీ హారన్ మోగించింది, మోగించుకో, నీకేం తొందరో నాకు తెలీదు నాయనా, నాకు మాత్రం లేదు. లైట్‌హౌస్ దారి పట్టింది. రోడ్డు గట్టెక్కగానే సముద్రం అటుపక్క ఒక్కసారిగా పరుచుకుంది, అంత వెలుగూ కిటికీలోంచి వచ్చి అక్క ఒళ్ళో పడింది, ఆమె అటు చూడబోయి ఆగింది, తోలేవాళ్ళకి సముద్రం ఉండదు, రోడ్డే ఉంటుంది, మూడు రోజులూ అక్క చూసింది ఈ బూడిదరంగు తారేనన్నమాట, అది కూడా అంచులు మాత్రమే. ఇన్నాళ్ళూ తోలుతూనే ఉంది, జీపులూ కొండలూ, పక్కన కూర్చుని చూడటానికి ఒక్కరోజూ దొరకని మనిషి. మలుపు వచ్చింది. అక్క కుడికాలు కాళ్ళకింది చాప మీద గట్టిగా నొక్కింది, లేని బ్రేకుని. ఆమె కంటి చివరనుంచి చూసింది, తన బ్రేకు తను వేసుకుంది. ఇంకో మలుపు, మళ్ళీ ఆ కాలు నొక్కింది, వేళ్ళు బిగిసి చెప్పు వంగింది. “గేరు,” అంది అక్క. గేరు మార్చింది, పళ్ళు నూరినట్టు చప్పుడైంది, “పరవాలేదు, దానికీ నోరుంది,” అంది అక్క. మూడో మలుపుకి కాలు సగమే నొక్కింది. ఎదురుగా బస్సు వచ్చింది, దాటింది, గాలికి బండి ఊగింది, వెనక బుడ్డి పొట్లం విప్పుకుంటోంది, తినడానికి ధైర్యం వచ్చిందంటే భయం పోయినట్టే. నాలుగో మలుపు కొంచెం గట్టిది. ఆమె పిడికిళ్ళు బిగించి తిప్పింది, ఆ కాలు ఎప్పుడు నొక్కుతుందా అని ఒక చెవి అటే వేసి ఉంచింది, చాప మీద చప్పుడు కాలేదు. మలుపు తిరిగి రోడ్డు తిన్నగా అయ్యాక ధైర్యం చేసి ఒక్క క్షణం చూసింది. అక్క చెప్పులు రెండూ కింద విప్పి ఉన్నాయి. కాళ్ళు పైకి లాక్కుని, సీటు మీద బాసింపట్టు వేసుకుని, మోచెయ్యి కిటికీ మీద ఆనించి, తల పక్కకి వంచి సముద్రాన్ని చూస్తూ కూర్చుని ఉంది.